ముచ్చికల డబ్బులు

గుంటూరులో పుట్టి పెరిగినవాళ్ళు ఫిబ్రవరి వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండర్ చూడక్కర్లేదు. గాలే చెప్పేస్తుంది. మిర్చి యార్డు ఉన్న చుట్టుగుంట వైపు వరసగా పోయే లారీలు, వాటి నిండా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, రోడ్డు పక్కన స్కూటర్ ఆపుకొని తుమ్మే మనిషి. మిర్చి గురించి పేపర్లో వచ్చే వార్తల్లో ధర ఉంటుంది, రైతు ఉంటాడు, కమిషన్ వ్యాపారి ఉంటాడు, ఎగుమతులుంటాయి. ఆ కాయకు ముచ్చిక, అంటే తొడిమ, తీసిన మనిషి మాత్రం కనపడదు. నాకు తెలిసిన మిర్చి కథ అంతా ఆ మనిషిదే. ఆమె మా అమ్మమ్మ, మా అమ్మ, మా పిన్ని, మా వీధిలో సగం మంది ఆడవాళ్ళు.

మాది పాత గుంటూరు. నేను చెప్పేది 1970ల మాట. సీజన్లో కొందరు వ్యాపారులు మిరపకాయల గోతాలను రిక్షాల్లో వేసి మా వీధికే పంపేవాళ్ళు. ముచ్చికలు తీసి, తాలుకాయలు వేరు చేసి, మళ్ళీ గోతానికెత్తి తూకానికి సిద్ధంగా పెట్టాలి. ముచ్చిక లేని కాయకు ధర ఎక్కువ. విదేశాలకు పోయే సరుకు, మంచి కారానికి పోయే సరుకు అలాగే కావాలంటారు. కూలి మాత్రం కేజీకి ఇన్ని పైసలని లెక్క. అది సీజను మొదట్లో నోటిమాటగా చెప్పేవాళ్ళు, మధ్యలో నోటిమాటగానే తగ్గించేవాళ్ళు.

పని తెల్లవారుజామునే మొదలయ్యేది. మంచుకు కాయ మెత్తబడి ఉంటే ముచ్చిక సుళువుగా ఊడుతుంది. ఎండెక్కేకొద్దీ కాయ పెళుసెక్కి చేతిలోనే విరుగుతుంది, గింజలు రాలిపోతాయి. రాలినదంతా తూకంలో తక్కువొస్తుంది, ఆ తక్కువ కూలిలో కోసేస్తారు. అందుకని నాలుగింటికే లేచి, ఒకరు మునిసిపాలిటీ కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి వస్తే, మిగతావాళ్ళు అరుగు మీద గోనెపట్టా పరుచుకొని కూర్చునేవాళ్ళు. గుంటూరులో నీళ్ళ కరువు గురించి ఇంకోసారి రాస్తాను, అదో పెద్ద కథ.

తలకు పాత చీర ముక్క, ముక్కుకు అడ్డంగా పైట చెంగు. ఎడమ చేత్తో కాయ పట్టుకొని కుడిచేతి బొటనవేలి గోటితో ఒక్క నొక్కు. ముచ్చిక ఒక పక్కకు, కాయ ఒక పక్కకు పడేవి. పిన్నికి అలవాటు ఎంతగా ఉండేదంటే, కళ్ళు వీధిలోకి పెట్టి కబుర్లు చెబుతూనే చేత్తో తాలుకాయ ఏదో, మంచికాయ ఏదో తేల్చేసేది. తాలుకాయ తెల్లగా పాలిపోయి తేలిగ్గా ఉంటుంది, వేళ్ళ మధ్యలో శబ్దమే వేరంటుంది ఆవిడ. నేను చాలాసార్లు ప్రయత్నించాను గానీ ఆ శబ్దం నాకు ఎప్పుడూ వినపడలేదు.

మంట గురించి చెప్పాలి. మిరపకాయ మంట గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు కారం ఉండేది గింజల్ని పట్టుకొని ఉండే లోపలి తెల్లటి ఈనెలో. కాయ విరిగితేనే అది చేతికి అంటుతుంది. అంటితే నీళ్ళతో పోదు. కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ సంగతి నేను ఇంటర్మీడియట్ తర్వాతెప్పుడో ఒక పత్రికలో చదివాను. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మకు అంతకు ముందే తెలుసు. పని అయ్యాక ఎవరినీ నీళ్ళు ముట్టుకోనిచ్చేది కాదు. ముందు వేరుశనగ నూనె చేతులకు బాగా పట్టించి, కాసేపు ఆగి, కుంకుడు రసంతో కడగాలి. మరీ మండుతుంటే మజ్జిగలో చేతులు పెట్టుకోమనేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలెవరైనా చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి కేక వేస్తే, "నీళ్ళు బోస్తే మంట తగ్గిద్దంటే నమ్మావా, ఇదేమన్నా గడ్డివామా?" అని నవ్వేది.

చంటిపిల్లల తల్లుల సంగతి వేరు. మా పక్కింటి వదినకు నెలల పిల్లాడు. పని మధ్యలో వాడు ఏడిస్తే ఆవిడ చేత్తో ముట్టుకోకూడదు. మంచం మీద ముసలమ్మ ఒకావిడ కూర్చొని ఉండేది, పిల్లాణ్ణి ఎత్తి తెచ్చి రొమ్ముకు పట్టించే పని ఆవిడది. తల్లి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పెట్టుకొని పాలిచ్చేది. ఆ వయసులో నాకు అది నవ్వులాటగా ఉండేది. ఒకసారి ఆ ముసలమ్మ ఊరెళ్ళినప్పుడు ఆ పని నాకు అప్పజెప్పారు. వాణ్ణి పట్టుకొని నిలబడితే వదిన మోచేత్తో వాడి నుదురు మీది జుట్టు వెనక్కి తోసింది. అప్పుడు నవ్వు రాలేదు.

ఇక తూకం రోజు. కాటా పట్టుకొని గుమాస్తా వచ్చేవాడు. ఇచ్చిన గోతం బరువెంత, తిరిగొచ్చిన కాయ ఎంత, ముచ్చికలు ఎన్ని, తాలు ఎంత, అన్నీ కలిపితే మొదటి లెక్కకు సరిపోవాలి. ఎలా సరిపోతుంది? మిరపకాయ నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆరిపోయి బరువు తగ్గుతుంది. ఆ తరుగు ఎవరి నెత్తిన పడాలనేదే ప్రతి ఏడూ గొడవ. అమ్మమ్మ దగ్గర సొంత పుస్తకం ఒకటుండేది. అది వంటింటి గోడ. గోతం దిగిన రోజున బొగ్గుతో నిలువు గీత, అందులో కేజీలకు అడ్డగీతలు, డబ్బు ముట్టినదానికి చుక్క, బాకీకి సున్నా. మధ్యలో పాలవాడి లెక్క, చీటీ లెక్క కూడా అక్కడే ఉండేవి. వాటిని ఎలా విడదీసి చూసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గుమాస్తా పుస్తకం తెరిచి ఏదో అంకె చదివితే, అమ్మమ్మ లోపలికి వెళ్ళి గోడ చూసొచ్చి "కాదు నాయనా, ఇంకో మూడు" అనేది. వాడు పుస్తకం చూపించేవాడు. ఆవిడ గోడ చూపించేది. చివరికి పుస్తకమే గెలిచేది, ఎందుకంటే డబ్బు పుస్తకం ఉన్నవాడి జేబులో ఉంది. అయినా మొత్తానికి ఓడిపోయేది కాదు, మూడింట్లో ఒకటో రెండో రాబట్టేది.

సంక్రాంతికి ముందు సున్నం వేసేటప్పుడు వంటింటి గోడకు అమ్మమ్మ అనుమతి లేకుండా ఎవరూ కుంచె తగిలించకూడదు. పాత బాకీలు చూసుకొని, రానివి రావని తేల్చుకొని, అప్పుడు "వెయ్యండి" అనేది.

మిర్చి యార్డులో మూటలు మోసే హమాలీలకు సంఘం ఉంది, మూటకింత అని రాసిపెట్టిన రేటుంది. అది వాళ్ళు పోరాడి సాధించుకున్నదే, ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ముచ్చికలు తీసేవాళ్ళకు సంఘమెక్కడిది? ఒక్కొక్కరూ ఒక్కో అరుగు మీద. 1976లో సమాన పనికి సమాన వేతనం అని చట్టం వచ్చింది. మా వీధి దాకా వచ్చి ఉంటే దానికి ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు. సమాన పనంటూ ఒకటి ఉంటేగా? మోసే పని మగవాళ్ళది, ఏరే పని ఆడవాళ్ళది. ఏరే పనికి మగవాణ్ణి పెట్టుకోరు కాబట్టి పోల్చి అడగడానికి పక్కన మనిషే లేడు.

అమ్మమ్మ 1922 ప్రాంతాల్లో పుట్టింది. ఎనిమిదో ఏట పెళ్ళి. ఎందుకంత తొందరంటే దానికో కారణముంది. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని 1929లో శారదా చట్టం చేశారు. అమలు 1930 ఏప్రిల్ 1 నుంచి. ఈలోపు పెళ్ళిళ్ళు చేసెయ్యాలని దేశమంతా హడావిడి పడింది. గుంటూరు జిల్లాలో పల్లెలు కూడా ఊరుకోలేదు. తమ ఊళ్ళో ఒకే పందిట్లో అక్కకీ చెల్లికీ తాళి కట్టించారని, చిన్నపిల్ల పీటల మీదే నిద్రపోయిందని అమ్మమ్మ చెప్పేది. ఆ చిన్నపిల్ల తనే. పిల్లల్ని కాపాడదామని తెచ్చిన చట్టం, ఆ ఒక్క ఏడూ ఎంతమంది పిల్లల మెడలో తాళి కట్టించిందో!

ఆ పెళ్ళిళ్ళలో కొన్ని ఎలా ముగిశాయో కూడా మా వీధిలోనే చూశాను. మూడిళ్ళ అవతల కుట్టుమిషను మామ్మ ఉండేది. తొమ్మిదేళ్ళకు పెళ్ళి, పదకొండుకు భర్త పోయాడు. ఎవరో పెద్దమనిషి పుణ్యాన గుంటూరు శారదానికేతన్‌లో చేరింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో పెట్టిన సంస్థ అది. ఆడపిల్లలకు చదువు చెప్పి, చేతిపని నేర్పించేవాళ్ళు. ఉన్నవ గారిని అందరూ 'మాలపల్లి' నవల రాసినాయనగానే చెప్పుకుంటారు. మామ్మ మాత్రం ఆయన ప్రసక్తి తెచ్చేదే కాదు. "లక్ష్మీబాయమ్మ గారు జైలుకెళ్ళొచ్చిన మనిషమ్మా, మా కుట్లు వంకరగా ఉంటే మాత్రం ఊరుకునేవారు కాదు" అనేది. మా వీధిలో కూలి రేటు తను చెప్పి, ఎదుటివాళ్ళ చేత ఒప్పించుకున్న ఆడమనిషి ఆవిడొక్కతే. జాకెట్టుకింత, లంగాకింత అని పలక మీద రాసి గుమ్మానికి తగిలించేది. బేరమాడితే పలక చూపించి మళ్ళీ మిషను తొక్కుకునేది.

అమ్మమ్మ కాపురానికి గుంటూరు వచ్చాక పొగాకు కంపెనీలో చేరింది. తాతయ్య జట్కా తోలేవాడు, ఆ డబ్బు గుర్రానికీ ఆయనకీ సరిపోయేది. అప్పటికి గుంటూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు ఊపందుకుంది. బ్యారన్లనే వేడి గదుల్లో కాల్చిన ఆకు పట్నానికి వస్తే, షెడ్లలో వరసలుగా కూర్చొని గ్రేడింగ్ చేసేది ఆడవాళ్ళే. నిమ్మపండు రంగు ఒక కుప్ప, నారింజ ఇంకోటి, గోధుమ రంగు తిరిగింది వేరు, మచ్చలున్నది వేరు, పచ్చి తగిలింది వేరు. రంగొక్కటే కాదు, వేళ్ళతో నలిపి మందం చూడాలి, సాగుతుందా విరుగుతుందా చూడాలి. పైన మేస్త్రీలు మగవాళ్ళు. అనుమానం వచ్చినప్పుడు మేస్త్రీ ఆకు తెచ్చి అమ్మమ్మనే అడిగేవాడట. అడిగి, మళ్ళీ తన నోటితో పైవాళ్ళకు చెప్పేవాడట. జీతం తేడా ఎంతో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రస్తావన వస్తే పెదవి విరిచేది, అంతే.

చేతికి పొగాకు జిగురు పట్టేది. ఎంత రుద్దినా పోదు, అన్నం కలిపితే అన్నమూ చేదే. అమ్మ, పిన్ని చిన్నప్పుడు అమ్మమ్మ చేతి ముద్ద తినేవాళ్ళు కాదు. అమ్మ చేతి ముద్ద గురించి జనం గొప్పగా చెప్పుకుంటుంటే మా అమ్మ ఊరికే వింటూ ఉంటుంది. వాళ్ళమ్మ గరిటెతో పెట్టి, దూరంగా కూర్చొని చూసేదట.

అమ్మ పుట్టింది కొత్తపేటలో కుగ్లర్ ఆసుపత్రిలో. అంతకు ముందు రెండు కాన్పులు ఇంట్లో మంత్రసాని చేతుల్లో, ఇద్దరూ దక్కలేదు. మూడోసారి షెడ్డులో తోటి పనివాళ్ళు బలవంతంగా జట్కా ఎక్కించారు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. మగ డాక్టరు ముందుకు ఆడవాళ్ళు రాని రోజులు, ఇంట్లో వాళ్ళు రానివ్వని రోజులు. ఇళ్ళకు తిరిగి వైద్యం చేసి, డిస్పెన్సరీ పెట్టి, చివరికి 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది. 1930లో ఇక్కడే చనిపోయింది, అంటే అమ్మమ్మ ఆవిణ్ణి చూడలేదు. అమ్మమ్మకు గుర్తుండిపోయింది డాక్టర్లు కాదు, నర్సులు. మన తెలుగు పిల్లలే. చేతికి వాచీ, కాలికి బూట్లు, ఒకటో తారీకున జీతం. "కేజీల లెక్క లేదు, తరుగు లేదు, నెలయితే చాలు, ఇచ్చేస్తారు" అని ఆశ్చర్యంగా చెప్పేది. నన్ను పదో తరగతితో ఆపెయ్యాలని ఇంట్లో మాట వచ్చినప్పుడు అడ్డుపడింది అమ్మ కాదు, నాన్న కాదు, అమ్మమ్మే. చదువు గొప్పదని కాదు, నెల జీతం గొప్పదని.

మా ఇళ్ళలో ఏటా కారం కొట్టించే రోజులు కూడా చెప్పాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు భుజాన వేసుకొని వీధి వీధీ తిరిగేవాళ్ళు. సంవత్సరానికి సరిపడా కారం, పసుపు కొట్టిపెట్టేవాళ్ళు. ఒకే రోట్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తుంటే ఒక్కటి కూడా తగులుకునేది కాదు. మధ్యలో వెల్లుల్లి, జీలకర్ర, మెంతులు పడేవి. కొంత డబ్బు, కొంత బియ్యం, పాత చీర ఒకటి తీసుకొని వెళ్ళేవాళ్ళు. కారం మిల్లు వచ్చిన రెండు మూడేళ్ళకు రావడం మానేశారు. దంపుడు కారం రుచే వేరని మనవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు, నేనూ అంటాను. ఆ ఇద్దరూ ఆ తర్వాత ఏం పని చేసుకొని బతికారని మా ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు. మిల్లులో కారం పట్టించేది మగవాడు. ఆడవాళ్ళు చేస్తున్న పనికి కరెంటు మోటారు తగిలిస్తే అది మగవాళ్ళ పనైపోతుంది. వడ్ల దంపుడుకీ అదే జరిగింది. మన దగ్గర చాలా పనులకు ఇదే వరస.

నాకు నెల జీతం వచ్చింది. 1984లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. ట్రంక్ కాల్ బుక్ చేసుకొని గంటలకొద్దీ ఎదురుచూసేవాళ్ళ తిట్లు, బతిమిలాటలు అన్నీ మా చెవుల్లోనే. ఎవరికి వాళ్ళే దూరపు ఊళ్ళకు నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చాక ఆ బోర్డులూ పోయాయి, మేమూ వేరే సీట్లకు మారాం. కాకపోతే మమ్మల్ని ఎవరూ రోకలి భుజాన వేసుకొని వెళ్ళిపొమ్మనలేదు, జీతం ఆగలేదు. అమ్మమ్మ చెప్పింది అందుకే అనుకుంటా.

మొదటి జీతం తెచ్చి అమ్మమ్మ చేతిలో పెడితే లెక్కపెట్టుకుంది. లెక్క సరిపోయిందంది. ఆ తర్వాత నన్ను అడిగిన మొదటి మాట, "మరి నువ్వు దాచుకునేదేదే?" ఇంట్లో ఇచ్చే డబ్బు వేరు, ఆడదాని డబ్బు వేరని ఆవిడ లెక్క. చీటీలు, పోపులపెట్టె అడుగున నోట్లు, చెల్లెలి దగ్గర దాచిన గాజు, ఇవన్నీ ఆ రెండో ఖాతాలోవి. తర్వాత తొంభైల్లో పొదుపు సంఘాలొచ్చి రోజుకో రూపాయి దాచమంటే మా అమ్మ తరం ఆడవాళ్ళు అంత తేలిగ్గా చేరిపోయారంటే ఆ విద్య కొత్తది కాదు కాబట్టే. బ్యాంకు పాస్‌బుక్కు మాత్రమే కొత్త.

మొన్న ఫిబ్రవరిలో నల్లపాడు వైపు పనుండి పొద్దున్నే వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీల ముందు ఆటోలు ఆగుతున్నాయి. ఒక్కో దాంట్లో పన్నెండు, పదమూడు మంది ఆడవాళ్ళు, క్యారేజీలు, నీళ్ళ సీసాలు. ముక్కుకు ఇప్పుడు పైట చెంగుతో పాటు మాస్కు కూడా ఉంది. ఒకామెతో మాట కలిపాను. కూలి ఇప్పటికీ కేజీ లెక్కే. తరుగు గొడవ ఉందా అని అడిగితే నా వంక అనుమానంగా చూసి "మీరు సేటు తాలూకా?" అంది. కాదమ్మా, మా అమ్మమ్మ చేసేదంటే కాస్త మెత్తబడింది. తరుగు గొడవ తగ్గిందట, ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయట. "ఇప్పుడు గొడవంతా తాలు దగ్గరేనండి. వాళ్ళకి తాలంటే మాకు మంచికాయ, మాకు తాలంటే వాళ్ళకి మంచికాయ" అని ఆటో ఆయనకు డబ్బులివ్వడానికి వెళ్ళిపోయింది. ఫోను తీసి స్కాన్ చేసింది.

ఇదంతా రాస్తున్నానని అమ్మకీ పిన్నికీ ఫోన్ చేసి చెప్పాను. వివరాలు కనుక్కుందామంటే ఇద్దరి మధ్యా పాత తగువు మళ్ళీ లేచింది. మా ఇంటికి మొదటి టేబుల్ ఫ్యాను 1974లోనో 75లోనో వచ్చింది. అమ్మమ్మ డబ్బుతో కొన్నదే, అందులో తేడా లేదు. పొగాకు కంపెనీ మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో కొన్నదని అమ్మ అంటుంది. కాదు, ఆ డబ్బు తన పెళ్ళికే చాల్లేదు, ఫ్యాను ముచ్చికల డబ్బుతోనే వచ్చిందని పిన్ని అంటుంది. అమ్మ దగ్గర ఒక పాయింటు ఉంది. మిరపకాయలు ఇంట్లో ఉన్నంతకాలం ఫ్యాను వెయ్యడానికి లేదు, వేస్తే ఘాటు ఇల్లంతా లేచి అందరూ వీధిలోకి పరిగెత్తాలి. మార్చి, ఏప్రిల్ అంతా, అంటే కావలసిన రోజులన్నీ అది గుడ్డ కప్పుకొని బీరువా మీద కూర్చునేది. "తెలిసి తెలిసి ముచ్చికల డబ్బు పోసి ఫ్యాను కొనేంత తెలివితక్కువదా మా అమ్మ?" అంటుంది.

పిన్ని ఒప్పుకోదు. కొన్నది తెలివితక్కువతో కాదట, ఆ ఏడాదితో ముచ్చికలు మానేద్దామని కొన్నదట. ఆ తర్వాత పదేళ్ళు ఎందుకు చేసిందని అమ్మ అడిగింది. ఫ్యాను వాయిదాలు కట్టడానికని పిన్ని జవాబు. వాయిదాల మీద కొన్నదన్న సంగతి అమ్మకు ఇన్నేళ్ళూ తెలియదు. ఇప్పుడు ఆ వాయిదాలు ఎవరికి కట్టింది, నెలకెంత కట్టింది అని ఇద్దరూ లెక్కలు వేసుకుంటున్నారు, నా ఫోన్ పెట్టేసి మరీ.